ఊఁ కొట్టని పిల్ల

పైడితల్లి కోటగోడలో రాయి కావడానికి కారణం ఆమె మొగుడు అసిరయ్యే. ఇందులో రెండో మాట లేదు. ఊరంతా ఎరిగిన సంగతి. అసిరయ్య కూడా కాదనడు.

అంతకుముందటి తప్పు రాజుది. వెదురుగిరిని ఏలే ముసలిరాజుకు కథలంటే పిచ్చి. ఒకనాడు హుంకారుడనే రాక్షసుడు బైరాగి వేషంలో కొలువుకు వచ్చి కథ మొదలుపెట్టాడు. కథ చెబుతుంటే ఊఁ కొట్టడం మర్యాద గనక రాజు ఊఁ కొడుతూ కూర్చున్నాడు. కథ మధ్యలో రాక్షసుడు గొంతు మార్చకుండానే, "నీ సింహాసనం ఇక నాది" అన్నాడు. రాజు "ఊఁ" అన్నాడు. అంతే. లేవాలని లేకపోయినా రాజు కాళ్ళు లేచి పక్కకు నడిచాయి. రాక్షసుడు కూర్చున్నాడు.

వాడి మాయ అదే. వాడి మాటకు ఊఁ అన్నవారి ఒళ్ళూ, వారి ఇంటివాళ్ళ ఒళ్ళూ వాడి సొంతం. అప్పటినుంచి రోజూ పొద్దున్నే కోట ముందు డప్పు మోగేది. "ఇవాళ గోడ ఇంకో వరస లేవాలి" అనేవాడు హుంకారుడు. జనం ఊఁ అనేవారు. కొందరు భయంతో, ఎక్కువమంది అలవాటుతో. ఊఁ అననివాళ్ళను కొట్టడానికి వాడు ఊళ్ళోవాళ్ళలోనే కొందరికి కొరడాలిచ్చాడు. మిగతావాళ్ళు ఎండలో రాళ్ళు మోసేవారు. రాళ్ళు చాలనప్పుడు వాడు మనుషుల్నే గోడలో నిలబెట్టేవాడు.

అసిరయ్య మేదరి. ఆ రోజు వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. చూపు కత్తి మీద ఉంది. కత్తి జారితే వేలు తెగుతుంది. ఎవరో బాటసారి అరుగు మీద చేరి కబుర్లు మొదలుపెట్టాడు. వానల్లేవన్నాడు. అసిరయ్య తలెత్తకుండా ఊఁ అన్నాడు. గాదెలు ఖాళీ అన్నాడు. ఊఁ అన్నాడు. "నీ పెళ్ళాన్ని నా గోడలో నిలబెడతాను" అన్నాడు. దానికీ ఊఁ అన్నాడు.

బియ్యం చెరుగుతున్న పైడితల్లి చేట కింద పెట్టి లేచింది. "అయ్యో, నా కాళ్ళు" అంటూనే నడిచిపోయింది. కూతురు నూకాలు కొంగు పట్టుకుని లాగితే కొంగు చిరిగింది గాని ఆమె ఆగలేదు.

నూకాలుకు పన్నెండేళ్ళు. ఆ పిల్లకు ఒక దురలవాటు ఉంది. ఎవరైనా కథ చెబితే ఊఁ కొట్టదు. "ఎందుకు?" అంటుంది. 'ఈ గుంటకి కత సెప్పలేం బాబూ' అని ఊళ్ళో విసుక్కోనివాళ్ళు లేరు.

రెండేళ్ళు గడిచాయి. పున్నమినాడు గోడ మీద కడపటి రాయి పెడతారని చాటింపు వేశారు. ఆ రాయి పడితే గోడలో ఉన్నవాళ్ళు మళ్ళీ మనుషులు కారు. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులుంది.

"అయ్యా, నల్లకొండ మీద మునికి ఈ మాయకి విరుగుడు తెలుసంట. నానెల్తాను" అంది నూకాలు.

"ఎల్లకు. అడివిలో ఉన్నవన్నీ వాడి జంతువులే. మాటల్లో పెడతాయి."

"అయితే నువ్వెల్తావా?"

అసిరయ్య వెదురు అందుకున్నాడు. చద్దికి చిన్న బుట్ట అల్లి చేతికిచ్చాడు. "నాలాగ సెయ్యకు" అన్నాడు.

మూడోనాడు నూకాలుకు ఏరు అడ్డం వచ్చింది. ఏటికి అడ్డంగా ఒక కొండచిలువ వంతెనలా పడుకుని ఉంది. "నా వీపు మీద నడిచిరా. ఊరికే పడుంటే నాకు తోచదు. కథ చెబుతాను, ఊఁ కొట్టు" అంది.

నూకాలు పెదాలు బిగబట్టి నడిచింది. నోరు మూసుకుంటే చాలనుకుంది. ఊఁ అన్నది నోరు మూసుకున్నా ముక్కులోంచి వచ్చేస్తుందని నడి ఏటికి వచ్చాక తెలిసింది. కొండచిలువ గొంతు జోలపాటలా ఉంది. "అనగనగా ఒక పిల్ల. నడిచి నడిచి అలిసిపోయింది. కొండచిలువ కడుపులో వెచ్చగా పడుకుంటానంది." నూకాలు గొంతులో ఊఁ కదిలింది. గబుక్కున నోరు తెరిచి, "ఎందుకు?" అంది.

ఆ ప్రశ్న కొండచిలువను అంతవరకు ఎవరూ అడగలేదు. "ఎందుకంటే..." అని ఆలోచనలో పడింది. అది ఇంకా ఆలోచిస్తుండగానే నూకాలు ఒడ్డెక్కింది.

కొండ మొదట్లో ఎదురైనది అంతకంటే కష్టం. పొదలోంచి అమ్మ గొంతు వినిపించింది. "నూకాలూ, కాళ్ళు నొప్పెడతన్నాయే. మనం ఇక్కడే కూకుండిపోదామా?"

నూకాలు నిలబడిపోయింది. రెండేళ్ళుగా వినాలనుకున్న గొంతు అది. ఊఁ అనాలని ప్రాణం కొట్టుకుంది. అయినా, "ఎందుకమ్మా?" అంది. పొదలో చప్పుడు ఆగిపోయింది. ఒక కొండగోరింక రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోయింది. ఆ పిల్ల అక్కడే కూర్చుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, కొండెక్కింది.

ముని చింతగింజలు ఒలుచుకుంటున్నాడు.

"కత్తి కోసం వచ్చావా?"

"ఉంటే ఇయ్యండి సామీ."

"ఆ గోడ కట్టిందెవరు?"

"మావోళ్ళే."

"వాడి మీద కత్తి దూస్తే అడ్డం వచ్చేదెవరు?"

"మావోళ్ళే. కొరడాలోళ్ళు కూడా మా ఊళ్ళోళ్ళే."

"మరి కత్తితో ఎవరిని నరుకుతావు? వాడికి సొంత చేతుల్లేవు. మీరు ఊఁ అనడం మానండి."

"మానితే కొడతారు."

"కొడతారు. ఎవరూ తిరిగి చెయ్యెత్తకండి. ఎత్తిన చెయ్యి వాడిదైపోతుంది."

ముని చెప్పింది నిజమే, కాని సగమే. సగం తెలిసి మొత్తం తెలిసినట్టు మాట్లాడే జబ్బు మునులకూ ఉంది.

నూకాలు ఊరు చేరేసరికి పున్నమి మూడు రోజుల్లోకి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చేపలమ్మే ముసలి చిన్నమ్మి చెయ్యి ఊపేసింది. "మీ అయ్య ఊఁ అంటేనే కదే మీ అమ్మ పోనాది. ఇప్పుడు నువ్వు మాకు బుద్ధులు సెప్తన్నావేటి?"

"అందుకే సెప్తన్నానవ్వా. ఆ మాట కరీదు మా ఇంట్లో తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

చిన్నమ్మి నవ్వలేదు. మర్నాడు అందరికంటే ముందు ఆమే వచ్చి నిలబడింది.

డప్పు మోగింది. "ఇవాళ గోడ ఇంకో వరస లేవాలి" అన్నాడు హుంకారుడు. ఎవరూ ఊఁ అనలేదు. కొరడాలు లేచాయి. వీపులు చిట్లాయి. ఒక్క చెయ్యీ తిరిగి లేవలేదు. రాయి కదలలేదు. రెండోనాడూ అంతే. ఆ రెండు రాత్రులూ హుంకారుడు శాస్త్రాలు తిరగేశాడు.

పున్నమినాడు నవ్వుతూ వచ్చాడు. "మౌనం అర్ధాంగీకారం అని పెద్దలన్నారు. సగం ఒప్పుకున్నారు గనక సగం నా సొంతం" అన్నాడు.

జనమంతా నడుము దాకా రాళ్ళైపోయారు. పిల్లలు ఏడుపు అందుకున్నారు. నూకాలు తన కాళ్ళు చూసుకుంది. బూడిదరంగు రాయి. ముని చెప్పని సగం ఇది. "ఎందుకు?" అని అరిచింది.

"అడిగితే ఎవరూ కాదనలేదు గనక" అన్నాడు వాడు. ఈసారి జవాబు సిద్ధంగా ఉంది.

తర్వాత వాడు నెమ్మదిగా అసిరయ్య దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. అరుగు మీద కూర్చున్నట్టే. "వానల్లేవు అసిరయ్యా" అన్నాడు. "గాదెలు ఖాళీ. నీ కూతుర్ని కూడా దాని తల్లి పక్కన నిలబెడతాను. ఒకరికొకరు తోడుంటారు."

నూకాలు తండ్రి గొంతు వైపే చూసింది. అక్కడ ముడి కదిలింది. అదే గొంతు. అదే ముక్కు. ఏదో రాబోతోంది.

"ఉహూఁ" అన్నాడు అసిరయ్య.

హుంకారుడు ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నావు?"

అసిరయ్య తలెత్తి వాడి మొహంలోకి చూశాడు. "ఉహూఁ."

అతని కాళ్ళు మళ్ళీ కాళ్ళయ్యాయి. చిన్నమ్మి ఉహూఁ అంది. నూకాలు అంది. వెనక వరసలు అన్నాయి. కొరడాలవాళ్ళు కొరడాలు కింద పడేసి ఉహూఁ అన్నారు. చివరికి ఒక మూల నిలబడ్డ ముసలిరాజు కూడా అన్నాడు, అందరూ అన్నాక. జనం ఊఁలు తప్ప వాడికి వేరే ఒళ్ళంటూ లేదు. హుంకారుడు కుంగి కుంగి తుమ్మెద రొదంత మిగిలాడు. అదీ గాలికి పోయింది.

గోడ విడిపోయింది. రాళ్ళన్నీ మనుషులై ఒళ్ళు విరుచుకున్నారు. పైడితల్లి జుట్టులో సున్నం దులుపుకుంటూ వచ్చి, "సేటలో బియ్యం ఏటి సేసారు?" అని అడిగింది. నూకాలు ఆమె చిరిగిన కొంగు పట్టుకుని మళ్ళీ వదల్లేదు.

రాజు సింహాసనం ఎక్కబోతే జనం "ఎందుకు?" అన్నారు. చివరికి సింహాసనం పక్కన నూకాలుకు పీట వేయించాకే ఎక్కనిచ్చారు. అప్పటినుంచి ఆ రాజ్యంలో ఏ ఆజ్ఞనైనా ముందు నూకాలు ఎందుకని అడిగేది. జవాబు నచ్చకపోతే జనం ఉహూఁ అనేవారు. ఎవరి ఒంటి మీదా దెబ్బ పడేది కాదు.

ఒకనాటి పగటిపూట అసిరయ్య వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. పైడితల్లి పక్కన కూర్చుంది. "ఆ రోజు నువ్వు ఊఁ అన్నప్పుడు..." అని మొదలుపెట్టింది.

అసిరయ్య కత్తి కింద పెట్టి తలెత్తాడు.

"ఆ సంగతిలో నాను మాటాడింది ఒక్క మాట. ఆ ఒక్కటీ ఎక్కువైపోనాది. ఇంక మాటాడను."

బతికినన్నాళ్ళూ ఆ సంగతి మాట్లాడలేదు.