ఒంటి చెవి రివ్యూ

లంచ్ బెల్ కొట్టగానే స్కూల్ మైకులోంచి రేడియో గొంతు ఖంగుమంది.

రేడియో అంటే ఆరో తరగతి అమ్మాయి. నోరు ఊరుకోదని క్లాసంతా కలిసి పెట్టిన పేరది. పాటలంటే పిచ్చి. అందుకే మ్యూజిక్ సార్ తనకో పని అప్పగించారు. శుక్రవారం లంచ్ టైమ్‌లో కొత్త ఆల్బమ్‌ల గురించి, ఊళ్ళో పాడేవాళ్ళ గురించి మైకులో చెప్పాలి.

"ఈ వారం మన లైబ్రరీ మేడమ్, వాళ్ళ ఫ్రెండ్స్ కలిసి చేసిన ఆల్బమ్! గిటార్ అదిరిపోయింది. మరి మేడమ్ ఫ్లూట్? ఏమో, పక్కవీధిలో ఎవరో వాయిస్తున్నట్టుంది. ఆల్బమ్ కవర్ మీద ఫొటో దిగడానికి మాత్రం మేడమ్ టైమ్‌కి వచ్చినట్టున్నారు!"

భోజనాల హాలంతా ఒకటే నవ్వులు.

మ్యూజిక్ సార్ మొహం చిట్లించారు. రేడియో తగ్గుతుందా? "రివ్యూ అన్నాక మొహమాటపడకూడదు సార్!" అంది.

సాయంత్రం పుస్తకం మార్చుకోవడానికి లైబ్రరీకి వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా మేడమ్ "ఈ వారం ఏం విన్నావే?" అని అడిగేవారు. ఇవాళ పుస్తకం మీద స్టాంపు వేసి ఊరుకున్నారు.

బయటికి వస్తుంటే, లోపలున్న మ్యూజిక్ సార్‌తో మేడమ్ అంటున్న మాట చెవిన పడింది. "స్కూల్ డేకి నేను వాయించను సార్. స్టేజి ఎక్కడమే మొదటిసారి. పిల్లలు నవ్వుతుంటే నాకు ఊపిరి నిలబడదు."

రేడియో గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఉన్నమాటే కదా చెప్పాను అని సర్దిచెప్పుకుంది కానీ, మనసు ఒప్పుకోలేదు.

ఇంటికి రాగానే తమ్ముడు అడిగాడు. "అక్కా, ఆ ఫ్లూట్ పాట పెట్టవే."

"అందులో ఫ్లూట్ ఎక్కడ ఏడిసిందిరా?"

"పాటంతా ఫ్లూటే! గిటారే సరిగ్గా వినపడదు."

"నీ మొహం!"

"నీదే!"

ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. అరుపులు విని అమ్మ గదిలోకి వచ్చింది. "అసలు పాట ఎలా విన్నారర్రా?"

"రోజూలాగే. చెరో చెవిలో పెట్టుకుని," అన్నాడు తమ్ముడు. ఇంట్లో ఉన్నది ఒక్క జత ఇయర్‌ఫోన్సే. కొట్టుకోకుండా అమ్మ పెట్టిన రూలే అది. అక్కకి ఎడమది, తమ్ముడికి కుడిది.

అమ్మకి నవ్వొచ్చింది. "కొన్ని పాటల్లో గిటార్‌ని ఒక వైపు, ఫ్లూట్‌ని ఇంకో వైపు వినిపించేలా రికార్డు చేస్తారే. ఈసారి రెండూ నువ్వే పెట్టుకుని విను."

రేడియో వింది. గిటార్ ఆగినచోట ఫ్లూట్ అందుకుంది. మళ్ళీ ఫ్లూట్ వెనకాలే గిటార్. ఎంత బాగుందో! పాట అయ్యేసరికి రేడియోకి ఏడుపొచ్చేసింది.

"అయితే నేనే కరెక్ట్!" అన్నాడు తమ్ముడు.

"నువ్వూ సగమేరా," అంది ముక్కు తుడుచుకుంటూ.

సోమవారం పొద్దున్నే లైబ్రరీకి పరిగెత్తింది. "మేడమ్, నేను పాట సగమే విన్నాను. అంతా విన్నట్టు గొప్పగా చెప్పేశాను. సారీ."

మేడమ్ జరిగిందంతా విన్నారు. "పూర్తిగా విన్నాక కూడా నచ్చకపోతే ఏం చేసేదానివి?"

"నచ్చలేదనే చెప్పేదాన్ని మేడమ్. కానీ ఆ ఫొటో జోక్ వెయ్యకూడదు. అది పాట గురించి కాదు."

మేడమ్ పుస్తకాలు సర్దుకోవడంలో పడ్డారు. స్కూల్ డే మాట అడగడానికి రేడియోకి ధైర్యం చాలలేదు.

శుక్రవారం మైకు పట్టుకుంది. "పోయిన వారం నేను ఒక్క చెవితో విని రివ్యూ చెప్పాను. మేడమ్‌ని చూసి అందరూ నవ్వేలా చేశాను. తప్పు నాదే. ఇవాళ మీరే వినండి."

పాట పెట్టింది. మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత స్పూన్ల చప్పుడు కూడా ఆగిపోయింది. పాట అయిపోగానే వెనక బెంచీలోంచి "ఇంకోసారి!" అని అరుపు.

తలుపు దగ్గర లైబ్రరీ మేడమ్ నిలబడి ఉన్నారు. మెల్లగా రేడియో దగ్గరికొచ్చారు.

"స్కూల్ డేకి ఇదే వాయించనా? నీకెలా ఉంది, చెప్పు."

రేడియో మైకు ఆపేసింది. "ఇప్పుడే ఎలా చెప్తాను మేడమ్? ఆ రోజు ముందు వరసలో కూర్చుంటాను. మొత్తం విన్నాకే నోరు తెరుస్తాను."