మూలుగ తోట

నూకరత్నం ముక్కులోంచి రక్తం కారడం మొదలై నలభై నిమిషాలైంది. ఆగడం లేదు. ప్లేట్‌లెట్లు పదకొండు వేలకు పడిపోయాయి. తెల్ల కణాలూ, ఎర్ర కణాలూ అదే దారిలో ఉన్నాయి. వెన్నెలకోటలో పది రోజుల్లో ఇది నాలుగో కేసు. మొదటి రోగి నిన్ననే చనిపోయాడు.

"మూడు రకాల కణాలూ ఒకేసారి పడిపోతున్నాయంటే గొడవ రక్తంలో లేదు మేడమ్, రక్తం పుట్టే చోట ఉంది," అన్నాడు డాక్టర్ మస్తాన్ వలి. నూకరత్నం రొమ్ము ఎముకలోంచి సూదితో తీసిన మూలుగ చుక్కను గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు.

వెన్నెలకోట చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నేల లోపల కట్టిన ఊరు. జనాభా నాలుగు వందల పన్నెండు. అక్కడ మనిషి బరువు భూమ్మీద ఉన్నదానిలో ఆరో వంతే. బరువు మోయని ఎముక పలచబడుతుంది, దాని లోపలి మూలుగ బద్ధకిస్తుంది, కొత్త రక్తం చాలినంత పుట్టదు. అందుకే పన్నెండేళ్ళ కిందట మూలుగ తోట వేశారు. నిలువెత్తు గాజు స్తంభం, అందులో కృత్రిమ ఎముక స్పాంజి, ఆ స్పాంజిలో ఒకే ఒక్క దాత మూలకణాలు. ఎవరికైనా సరిపడే రక్తం అందులో నిరంతరం పండుతుంది. నెలకోసారి ఊరందరికీ అదే ఎక్కిస్తారు. తోటను చూసుకునే యంత్రబుద్ధిని అందరూ తోటమాలి అంటారు. దాత ఎవరో దానికి కూడా తెలియదు, ఒక అంకె మాత్రమే తెలుసు. ఏటా దాత దినం నాడు ఊరంతా ఆ స్తంభం ముందు నిలబడి, పేరు తెలియని ఆ మనిషికి దణ్ణం పెట్టుకుంటుంది.

డాక్టర్ హైమవతి కంటిని కటకానికి ఆనించింది. తోటకు రూపకల్పన చేసింది ఆమే, ఇక్కడి వైద్యులకు పెద్దా ఆమే.

క్రిముల్ని మింగి చంపాల్సిన పెద్ద భక్షక కణం ఒకటి కనిపించింది. దాని కడుపు నిండా గుండ్రటి చుక్కలు, ప్రతి చుక్క పక్కనా సన్నటి గీత. అది మింగిన క్రిములు చావలేదు. లోపలే కాపురం పెట్టి పిల్లల్ని కంటున్నాయి. వాటిని మోస్తున్న భక్షక కణాలు మతి తప్పినట్టు పక్కనున్న రక్తకణాల్నే తింటున్నాయి.

"కాలా అజార్, నల్లజ్వరం," అన్నాడు వలి నమ్మలేనట్టు. "పుస్తకంలో తప్ప చూడలేదండి. ఇసుక ఈగ కుడితే వచ్చేది. చంద్రుడి మీద ఈగ ఎక్కడిది?"

 ఆ బొమ్మను హైమవతి తొమ్మిదో ఏటే చూసింది. బీహార్‌లో గండక్ నది మీద వంతెన పనికి తండ్రి కుటుంబాన్ని తీసుకెళ్ళిన ఏడాది అది. తడి నేల మీద రేకుల షెడ్డు. రెండు నెలలు వదలని జ్వరం, ఉబ్బిన ప్లీహం. డాక్టరు ఇవే చుక్కల్ని కాగితం మీద గీసి చూపించి ఇరవై ఎనిమిది రోజులకు మాత్రలిచ్చాడు. వాంతులవుతున్నాయని ఆమె పదో రోజుకు మానేసింది. జ్వరం తిరగబెట్టాక అవే మాత్రలు పూర్తిగా వాడినా లొంగలేదు. చివరికి నరానికి ఎక్కించే మరో మందుతో బతికింది.

తోటకు మూలకణాలిచ్చిన దాత ఆమే.

తోట కలుషితం కావడానికి కారకుడు వడపోతల పనివాడు పైడిరాజు అయి ఉండవచ్చని నిన్న నివేదిక మీద సంతకం పెట్టింది కూడా ఆమే. భూమి మీద సెలవు ముగించుకొచ్చి ఇరవై రోజుల కిందట తోట మూత విప్పింది అతనే కాబట్టి అందరికీ సబబుగానే తోచింది. అతన్ని గదిలో పెట్టి తాళం వేశారు. నూకరత్నం అతని భార్య.

వలి లెక్క చెప్పాడు. మందుల యంత్రం ఒకసారికి ఒక్క మందే చేయగలదు, దానికి ఏడు గంటలు పడుతుంది. మాత్రల మందు ఒంటికి అంత హాని చేయదు. నరానికి ఎక్కించేది కిడ్నీల మీద పడుతుంది, రత్నం కిడ్నీలు ఇప్పటికే సగం ఆగాయి. ఏది పనిచేస్తుందో క్రిమిని పెంచి తేల్చాలంటే పది రోజులు కావాలి. రత్నానికి ఉన్నది ఒక్క రోజు, మొదటి మందు తప్పితే రెండోది ప్రయత్నించే వ్యవధి లేదు.

"మాత్రలే మొదలుపెడదామండి."

"వద్దు. రెండోదే చేయించండి."

"ఎందుకని?"

అనుభవం అంది హైమవతి. మందుల యంత్రానికి అనుమతి ఇవ్వాల్సిన తోటమాలి ఒప్పుకోలేదు. కిడ్నీలకు హాని చేసే మందు కావాలంటే మాత్రలు ఈ క్రిమి మీద ఓడిపోయినట్టు సాక్ష్యం ఉండాలంది. ఆమె పాత పరిశోధనల పేర్లు చెప్పింది, క్రిమి జాతుల గురించి చెప్పింది. ఒక్కొక్కదాన్నీ అది మర్యాదగా తోసిపుచ్చింది. వలి ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె చూపు తిప్పుకుంది.

అప్పుడే గోడ మీది మాటల పెట్టె మోగింది. తాళం వేసిన గదిలోంచి పైడిరాజు.

"మేడమ్ గోరూ, మా రత్నం ఎలాగుంది?"

"చూస్తున్నాం పైడిరాజూ."

"నిన్నటి నుంచీ ఆలోసిత్తన్నాను. సేతులు మూడుసార్లు కడుక్కున్నాకే మూత ఇప్పాను. అయినా నా గోళ్ళలోనే ఏదో ఉండిపోనాదేమో. నానే తెచ్చానని రాసేయండి, ఏలిముద్ర ఏసేత్తాను. దాన్ని మాత్రం బతికించండి."

 హైమవతి మాటల పెట్టెను ఆపడానికి చేయి ఎత్తి, ఆపకుండానే దించింది.

"తోటమాలీ," అంది చివరికి, "దాతను ఈ క్రిమికి ఎందుకు పరీక్షించలేదు నువ్వు?"

"పన్నెండు వందల క్రిములకు పరీక్షించాను. దీనికి మాత్రం లేదు. చిన్నతనంలో దీర్ఘ జ్వరం, ప్లీహం వాపు వచ్చాయా అన్న ప్రశ్నకు దాత 'లేదు' అని రాశారు. లేదన్న జబ్బుకు పరీక్ష అక్కర్లేదన్నది నా నియమావళిలో ఉంది."

"ఆ నియమం ఎవరు రాశారు?" అడిగాడు వలి.

"డాక్టర్ హైమవతి గారు."

 ప్రయాణానికి ముందు ఆరోగ్య పత్రంలో అవునని రాసి ఉంటే హైమవతి చంద్రుడి మీదికి వచ్చేదే కాదు; అందుకే దాతగానూ అదే జవాబిచ్చింది. ఎప్పుడో నయమైన జ్వరమే కదా అనుకుంది. పరీక్ష జరిగితే అబద్ధం బయటపడుతుందేమోనని నియమావళిలో ఆ ఒక్క వాక్యం రాసింది. తొమ్మిదో ఏటి క్రిమి మాత్రం ఆమె మూలుగలో నిద్రపోతూనే ఉండి, ఆ కణాలతో తోటలోకి చేరి, ఇన్నేళ్ళకు మేలుకుంది.

"సాక్ష్యం ఇస్తాను, రాసుకో," అంది. "మాత్రలు రెండుసార్లు వాడారు, రెండుసార్లూ ఓడిపోయాయి. నరానికి ఎక్కించిన మందు గెలిచింది. రోగి వయసు తొమ్మిదేళ్ళు."

"ఆ రోగికీ ఈ క్రిమికీ సంబంధం ఏమిటి?"

"ఆ రోగే నీ దాత."

మందుల యంత్రంలో పని మొదలైనట్టు ఆకుపచ్చ దీపం వెలిగింది. వలి ఒక్క మాట కూడా అనకుండా రత్నం మంచం దగ్గరికి నడిచాడు, మందు వచ్చేలోగా నరం చూసి ఉంచడానికి. తిట్టినా బాగుండేదనిపించింది హైమవతికి.

"నివేదికలో కారకుడి పేరు పైడిరాజు అని ఉంది," అంది తోటమాలి. "మార్చాలా?"

మాటల పెట్టె ఇంకా తెరిచే ఉంది. అవతల పైడిరాజు వింటున్నాడు.

"మార్చు," అంది ఆమె, అతనికి కూడా స్పష్టంగా వినపడేలా. "హైమవతి అని రాయి. పొట్నూరు హైమవతి."