తొమ్మిదింటి రేడియో పాఠం

లిస్బన్, 1942. మేజర్ టెలిష్ ఒక ఫొటో టేబుల్ మీద పడేశాడు. ఎదురుగా ఉన్న ఏజెంట్ గ్రాసా దాన్ని చేతిలోకి తీసుకుంది. ఫొటోలో ఉన్నది హొనోరియు, వచ్చే ఆదివారం ఆమె పెళ్ళాడబోతున్న మనిషి.

"రోజూ పొద్దున తొమ్మిదికి రేడియోలో పిల్లలకి క్రియాపదాలు విడగొట్టి, ముక్కకో చప్పట కొట్టి చెబుతాడుగా మీవాడు? ఎన్ని చప్పట్లు పడితే అన్ని గంటలకి మన ఓడ బయల్దేరుతుందని జర్మన్ ముఠాకి కబురు. ఇవాళ మధ్యాహ్నం మూడుకి మూడు వందల మంది శరణార్థులు వెళ్తున్నారు."

"ఇప్పుడే అరెస్ట్ చేద్దాం సార్."

"పాఠం ఆగితే వాళ్ళకి అనుమానం వస్తుంది. వాడి నోటితోనే తప్పు గంట చెప్పించాలి. నువ్వు చెబితే వింటాడేమో."

"వినకపోతే?"

మేజర్ ఒక ఫౌంటెన్ పెన్ను ముందుకు తోశాడు. "ఇందులో ఒకటే బుల్లెట్ ఉంది."

తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా గ్రాసా స్వీపర్ వేషంలో స్టూడియోలోకి వెళ్ళింది. పట్టు టై కట్టుకుని సినిమా హీరోలా కూర్చున్న హొనోరియు ఇట్టే గుర్తుపట్టేశాడు.

"చీపురు పట్టుకోవడం కూడా రాదా నీకు? పెళ్ళయ్యాక నా గతేం కాను!"

ఆమె పెన్ను గురిపెట్టింది. అతని నవ్వు మాయమైంది.

"మా చెల్లెలు అనీత పారిస్‌లో జర్మన్ల చేతుల్లో ఉంది గ్రాసా. తప్పు చెబితే చంపేస్తారు."

"ఓడలో చంటిపిల్లలున్నారు."

"వాళ్ళెవరో నాకు తెలీదే! అనీతని నా చేతులతో పెంచాను."

ఎర్రలైటు వెలిగింది. అతని కాగితం మీద ఉన్న మాట ‘పర్తిముష్’. బయల్దేరుతున్నాం అని. మూడు ముక్కలు, మూడు చప్పట్లు.

"పర్..." ఒక చప్పట. "తి..." రెండో చప్పట.

గ్రాసా బొటనవేలు పెన్ను మీట మీద బిగుసుకుంది. కళ్ళు నీళ్ళతో మసకబారాయి. అతను ఆమె వైపే చూస్తున్నాడు.

"రీ... ఆ... ముష్." ఇంకో మూడు చప్పట్లతో మాట ‘పర్తిరీఆముష్’ అయింది, బయల్దేరేవాళ్ళం అని. "ఎన్ని, పిల్లలూ? ఐదు!"

మైకు కట్టేసి, అతను తలవంచి రెండు చేతులూ ముందుకు చాచాడు. గ్రాసా ఏడుస్తూనే బేడీలు వేసింది.

"అనీత ఏం పాపం చేసింది గ్రాసా?"

ఆమె అతన్ని తలుపు వైపు నడిపించింది. మూడింటికి ఓడ భద్రంగా కదిలింది. ఐదింటికి దాన్ని ముంచడానికి జర్మన్ సబ్‌మెరైన్ పైకి వచ్చేసరికి అక్కడ ఖాళీ సముద్రం తప్ప ఏమీ లేదు.

సాయంత్రం మేజర్ భుజం తట్టాడు. "శభాష్! అన్నట్టు, రేడియో వాళ్ళకి మాస్టారు లేడు. రేపటి పాఠం నువ్వు చెబుతావా? ‘ప్రేమించు’ అనే క్రియట."

"ఇంకెవర్నైనా చూసుకోమనండి సార్," అంది గ్రాసా. "నాకు గొంతు బాలేదు."