చివరి వరుస మీద సాంబ్రాణి వాసన

మకస్సర్ విమానాశ్రయంలో మా విమాన సిబ్బందిలో ఎవర్నడిగినా చెబుతారు, ఆ పాత విమానంలో చివరి వరుస మంచిది కాదని.

ఎడమవైపు కిటికీ సీటు. దాని నెత్తిన, సామాన్ల అర పక్కనుంచి సాంబ్రాణి వాసన వచ్చేది. అదీ రాత్రి ప్రయాణాల్లోనే. ఆ వాసనతోపాటు అక్కడి దీపం ఒకసారి వణికేది... ఆగేది... మళ్ళీ వణికేది.

మెకానిక్కులకి చెప్పొచ్చుగా అంటారా? ఏమని చెప్పాలి? దెయ్యం ధూపం వేసుకుంటోందనా? నవ్విపోతారని అందరం నోరు మూసుకున్నాం.

మేస్కే అక్క నాకు చెప్పిన సంగతి ఇది. మనాడో అనే ఊరి మనిషి, విమానంలో మా అందరికీ పెద్ద. దెయ్యాలంటే ఆవిడకి భయం లేదు. మనుషుల మీదే బోలెడు అనుమానం.

ఆ రాత్రి మకస్సర్ నుంచి సముద్రం దాటి జయపురకి ప్రయాణం. భోజనాలయ్యాయి. కింద సముద్రం, చుట్టూ చీకటి. జనం దుప్పట్లు కప్పుకుని జోగుతున్నారు. నింగ్‌సిహ్ అని ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి వెనకనుంచి వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా... వచ్చింది."

"ఎవరే?"

"వాసన..."

మేస్కే అక్క వెళ్ళి నిలబడింది. సాంబ్రాణే. కానీ దాని అడుగున ఇంకేదో ఉంది. చేప కుళ్ళినట్టు... కాదు, చేప కాలినట్టు.

చివరి వరుసలో ఒక్కడే ఉన్నాడు. సంగజి అనే టెర్నాటే దీవి ముసలాయన. ఒళ్ళో గుడ్డ కట్టిన బుట్ట. అందరూ నిద్రపోతుంటే ఆయన మాత్రం కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడు. ఇందాకట్నుంచీ టాయిలెట్‌కి తిరుగుతున్నది కూడా ఆయనే.

"పెద్దాయనా, బుట్టలో ఏముంది?"

"చేపలు. పొగబెట్టినవి. మనవరాలి పెళ్ళికి."

"లోపల సిగరెట్ గానీ కాల్చారా?"

"ఎక్కినప్పట్నుంచీ నీ కళ్ళు నామీదే ఉన్నాయి," అన్నాడాయన గొంతు తగ్గించి. "దొంగలా కనిపిస్తున్నానా అమ్మా? చూసుకో, ఇదిగో!"

గుడ్డ ముడి విప్పేశాడు. అక్క వంగి వాసన చూసింది. కట్టెపొగ, ఉప్పు... కమ్మటి వాసన. ఇది కాదు.

నడుమెత్తి నిలబడేసరికి ఆ వాసన మళ్ళీ ముక్కు మీద కొట్టింది. ఇంకా ఘాటుగా. అంటే, కింద లేదు. పైన ఉంది.

అక్క చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు సీటు నెత్తినున్న పలకకి ఆనించింది. చటుక్కున లాక్కుంది. పొయ్యి మీది పెనంలా ఉంది!

ఆ పలక సందులోంచి సన్నటి పొగ... నూలుపోగంత... ఆవిడ మొహం మీదికే దిగింది.

"ప్రార్థన చేద్దామా అక్కా?" అంది నింగ్‌సిహ్.

"తర్వాత చేద్దాం. ముందు మంటలార్పే సీసా పట్రా. పొగ ముసుగు కూడా."

అక్క లోపలి ఫోను అందుకుంది. కెప్టెన్ లతుహెరు అంటే ఎవరికైనా హడలే. చొక్కా గుండీ ఊడితే ఊరుకోడు, అర్థం లేని మాట వింటే మొహం మీదే కసురుతాడు.

"కెప్టెన్, ఎడమవైపు చివరి వరుస పైన. కరెంటు కాలిన వాసన. పలక వేడిగా ఉంది. పొగ కొద్దిగా, మంట కనబడలేదు. లైట్లకీ వంటగదికీ కరెంటు తీసేయండి."

అవతలనుంచి ఒక చప్పుడు.

స్‌స్‌... హా... స్‌స్‌... హా...

సమాధిలోంచి ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. మేస్కే అక్కకి జన్మలో మొదటిసారి వెన్ను జలదరించింది. ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించింది...

"తీసేస్తున్నా," అంది ఆ ఊపిరి. "ఆక్సిజన్ మాస్కులు పెట్టుకున్నాం. దగ్గర్లోని ఆంబోన్‌లో దించుతా. వెనకవాళ్ళని ముందుకి పంపు."

అంతే, లైట్లన్నీ ఆరిపోయాయి. ఎవరో కెవ్వుమన్నారు.

"లేవండి! సామాన్లు వదిలేయండి! వంగి నడవండి, ముందు మనిషి భుజం పట్టుకోండి!"

టార్చి వెలుతురులో పొగ తెరలా కదులుతోంది. నింగ్‌సిహ్ తడిపిన తువ్వాళ్ళు పంచుతోంది. సంగజి ఒక్క మాటైనా అనకుండా పెళ్ళి చేపల బుట్ట సీట్లో పెట్టేశాడు. తన ముందు వరుసలో ఏడుస్తున్న పసిదాన్ని తల్లి చేతుల్లోంచి అందుకుని, మొహానికి తడిగుడ్డ అడ్డం పెట్టి ముందుకి నడిచాడు.

మేస్కే అక్క ముసుగు తగిలించుకుని ఆ పలక కింద ఒక్కతే నిలబడింది. సీసా మూతి సందు వైపే. పలక ఊడదీస్తే లోపలికి గాలి తగిలి భగ్గుమనొచ్చు. ఊడదీయకపోతే లోపల ఏం జరుగుతోందో తెలీదు. మధ్యమధ్యలో చెయ్యి ఆనించి చూసేది. వేడి... వేడి... వేడి... చాలాసేపటికి ఆ వేడి కాస్త తగ్గినట్టు అనిపించింది. నిజమో, తన ఆశో తెలీలేదు.

చక్రాలు నేల తాకాయి. అందరూ దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫైరువాళ్ళు సరేనన్నాక ఆంబోన్ మెకానిక్కు పలక విప్పాడు. సిబ్బంది చుట్టూ నిలబడ్డారు. లోపల లైటుకి కరెంటిచ్చే చిన్న పెట్టె నల్లగా మాడిపోయింది. వైర్లు కరిగి జిగురైపోయాయి.

"ఈ పెట్టెకి గాలాడాలి. గాలి సందులో ఇదేంటి?" అన్నాడతను.

లోపలికి వేళ్ళు పోనిచ్చి లాగాడు. చిన్న గుడ్డమూట వచ్చింది. ఇంకోటి వచ్చింది. ఆ వెనక ఇంకోటి. కొన్ని మాడిపోయాయి, కొన్ని నిన్న కట్టినట్టున్నాయి. విప్పితే సాంబ్రాణి ముక్కలు, ఎండిన పూరేకులు.

దీపం వణికిందని, దెయ్యం శాంతించాలని మా సిబ్బందే ఒకరికి తెలియకుండా ఒకరు కుక్కిన మూటలు! అవి అడ్డుపడి పెట్టె వేడెక్కేది. ఆ వేడికి సాంబ్రాణి కరిగి వాసనొచ్చేది. వాసనొచ్చిందని భయపడి ఇంకొకరు ఇంకో మూట పెట్టేవాళ్ళు.

"ఎవరివి ఇవి?" అంది మేస్కే అక్క.

ఆవిడ ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. నింగ్‌సిహ్ ఏడుస్తూ అడ్డంగా తల ఊపింది. మిగతావాళ్ళు బూట్ల వైపు చూసుకుంటున్నారు.

అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది. నీలం దారం చుట్టిన మూటని నెమ్మదిగా తీసుకుంది. ఆ కోటు చేతికి బంగారు పట్టీలు.

"ఇది నాది," అన్నాడు కెప్టెన్ లతుహెరు.