వెనక పొడుగు, ముందు పొట్టి

"ఇదేం కుట్టుడయ్యా కత్తెరా! ముందేమో మోకాళ్ళ పైకి ఎగిరింది, వెనకేమో మడమల మీద పడుతోంది!"

ట్రయల్ రూమ్ కర్టెన్ తోసుకుని వచ్చిన లైబ్రేరియన్‌ని చూసి దర్జీ నాలుక కరుచుకున్నాడు.

చిన్నప్పటి నుంచీ ఆమె వెన్ను ముందుకు వంగి ఉండేది. అందుకే ఆమె గౌనుకి వెనక గుడ్డ పొడుగ్గా, ముందు గుడ్డ పొట్టిగా కత్తిరించడం అతని చేతికి అలవాటు. ఇప్పుడు ఆపరేషన్ చేసి, రాడ్లూ స్క్రూలూ బిగించి, డాక్టర్లు ఆ వెన్నుని నిలబెట్టారు. బహుమతిగా గౌను కుట్టిన మహానుభావుడు మాత్రం పాత కొలతే వేశాడు.

"కొత్త కొలతలు తియ్యి," అంది ఆమె.

టేపు పట్టుకుని దగ్గరికెళ్ళాక అతనికి తెలిసింది. ఆమె తనకంటే పొడుగు!

ఆపరేషన్‌కి ముందు అతను పెళ్ళి మాటెత్తితే, "ముందు వెన్ను బాగుపడనీ. నిటారుగా నిలబడి జవాబు చెబుతా," అంది. అప్పట్నుంచీ అతనికి తిండి సయించలేదు. ఇంత పొడుగమ్మాయి ఇక తనకేం దక్కుతుంది?

స్టూలు లాక్కుని ఎక్కాడు.

"స్టూలెందుకు?"

"భుజం కొలవడానికి."

"భుజానికా, నీ పరువుకా?"

కంగారులో టేపు జారి కిందపడింది. బెంచీ మీద కూర్చున్న ఆమె తల్లి మూలుగుతూ లేచింది. "నేనే తీస్తాలే. ఒకరు వంగకూడదు, ఇంకొకరు దిగలేరు. మంచి జంట!"

అతను దిగాడు. "నా పక్కన నిలబడితే నలుగురూ నవ్వుతారు," అన్నాడు దిగులుగా.

"ఇదివరకు నీ పక్కన నడిస్తే నవ్వలేదా? అప్పుడు పట్టించుకున్నావా?"

"నవ్వితే నవ్వనీ అనుకున్నా."

"మరి ఇప్పుడేం రోగం?"

అతను తల దించుకున్నాడు. ఆమె ఒకడుగు ముందుకేసింది. అల్లరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నేళ్ళూ నీ మొహం చూడాలంటే నాకు మెడ పట్టేసేది. అయినా రోజూ చూశాను. ఇక నీ వంతు."

"అంటే..." అతని చూపు ఇంకా నేల మీదే ఉంది. "ఒప్పుకున్నట్టేనా?"

టేపు అతని మెడలో వేస్తూ తల్లి కసిరింది.

"నేలని అడుగుతావేం? తలెత్తి దాన్ని అడగవయ్యా, అల్లుడూ!"