మూడో గడి

పూరణి యంత్రం రెప్పపాటు కూడా తీసుకోలేదు. పైడితల్లి పాత డ్రాయింగును గాజుపలక మీద పరిచి చెయ్యి తీసేలోపే, చెదలు తినేసిన మూడో గడిలో, పక్క నుంచి కనబడే దృశ్యం వచ్చి కూర్చుంది. నీలి గీతలతో చక్కని చతురస్రం. దాని కింద 'నిశ్చయం తొంభై ఏడు శాతం' అని చిన్న అక్షరాలు, ఆ కింద ఆమె సంతకానికి చోటు.

భీమిలి దగ్గర సముద్రం ఊరి మీదికి వచ్చి నలభై ఏళ్లయింది. దాన్ని ఆపడానికి కట్టిన అలతలుపులు ముప్ఫై ఆరు. ఉప్పుగాలికి వాటి భాగాలు రోజూ ఏదో ఒకటి తుప్పు పట్టి రాలిపోతూ ఉంటాయి. కొత్తది పోతపోయాలంటే పాత డ్రాయింగు కావాలి. ఏ వస్తువునైనా ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి మూడు గళ్లలో గీస్తారు. రెండు గళ్లు మిగిలి ఉంటే చాలు, మూడోది పూరణి గీసేస్తుంది. ఇళ్ల దగ్గర్నుంచి కృత్రిమ మోకాళ్ల దాకా అన్నీ అలా తయారవుతున్న రోజులవి. కాగితం ముందు ఆలోచిస్తూ కూర్చున్న మనిషి కనబడితే ఒంట్లో బాగోలేదా అని అడిగేవారు. చట్టం మాత్రం, సంతకం మనిషే పెట్టాలంది. అందుకే పైడితల్లికి ఉద్యోగం మిగిలింది.

ఆ రోజు ఆమె చెయ్యి సంతకం దగ్గర కాసేపు ఆగింది. అది పదిహేడో తలుపుకి వేసే ఆనుడుదిమ్మ. తలుపు దించినప్పుడు పెద్ద ఇనుప కడ్డీ వచ్చి దాని మీద ఆనుతుంది. ముందు నుంచి చూస్తే చతురస్రం, పై నుంచి చూసినా చతురస్రమే. అంతమాత్రాన పక్క నుంచీ చతురస్రమే కావాలని ఎక్కడుంది? ఏటవాలుగా కోసిన దిమ్మయినా ఆ రెండు వైపుల నుంచీ అలాగే కనబడుతుంది. ముందంచు గుండ్రంగా తీసి, పక్క నుంచి పావు వృత్తంలా ఉన్నా అంతే. మూడు జవాబులూ సరైనవే. లక్షల డ్రాయింగుల్లో ఏది ఎక్కువసార్లు కనబడిందో దాన్ని పూరణి ఇచ్చింది. పాపం, దానికి తెలిసింది అదే.

ఆమెకు పని నేర్పిన దానయ్య మాస్టారి దగ్గర ఇలాంటివాటికి ఒక పద్ధతి ఉండేది. రెండు జవాబులు కుదిరితే మూడో గడిని ఖాళీగా వదిలి, పెన్సిలుతో సున్నా చుట్టాలి. కాగితం పట్టుకుని కిందికి దిగి, ఆ వస్తువుతో పని చేసే మనిషిని అడగాలి. అడిగి వచ్చాకే గీత, గీత తర్వాతే సంతకం. పైడితల్లి ఏళ్ల తరబడి ఆ మెట్లు దిగింది. అడిగేది ఎక్కువగా నీలాచలం బాబాయినే. ముప్ఫై ఏళ్లుగా పదిహేడో తలుపు ఆయన చేతి మీదే నడుస్తోంది. ఏ భాగం గురించి అడిగినా ఆయన బొగ్గుముక్కతో నేల మీదే గీసి చూపించేవాడు.

కిందటి నెల ఆమె ఒక గడి ఖాళీగా వదిలితే, గది గోడ మీద, పని ఆలస్యం చేసినవాళ్ల వరసలో ఆమె పేరు ఎర్రగా వెలిగింది. అధికారి వచ్చి, కళ్లజోడు మార్చుకోవాలేమో చూసుకోండని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. తిట్టినా బాగుండేదేమో, ఆ మర్యాదే గుచ్చుకుంది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే నీలాచలం మెట్ల కింద కూర్చుని గొలుసుకి గ్రీజు రాస్తున్నాడు. ఇరవై మెట్లు. పైడితల్లి సంతకం పెట్టేసింది.

కొత్త దిమ్మ వచ్చింది. పద్దెనిమిది రోజులు నీలాచలం తీరిగ్గా, చూసుకుంటూ తలుపు దించాడు, ఏమీ కాలేదు. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం పోటు ముందుగా వచ్చింది. నీలాచలం హడావిడిగా తలుపు దించేశాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ కుడిచెయ్యి కడ్డీతోపాటే దిగింది. పాత దిమ్మ గుండ్రంగా ఉండడం వల్ల కడ్డీ ఆనినా వేళ్లకి సందు మిగిలేది. ఇప్పుడు ఆ సందు ఉండాల్సిన చోట దిమ్మ మూల ఉంది. నాలుగు వేళ్లు పోయాయి. ఊళ్లోకి చుక్క నీరు రాలేదు. విచారణ నివేదికలో దిమ్మ కొలతలకి సరిగ్గా ఉందని రాశారు. అదీ నిజమే.

పైడితల్లి ఆసుపత్రికి వెళ్లి నీలాచలం మంచం పక్కన నిలబడింది. ఉన్నదే చెప్పింది. అనుమానం వచ్చిందని, అడక్కుండానే సంతకం పెట్టానని.

"అడిగితే సెప్పీవోడ్ని గదమ్మా" అన్నాడు నీలాచలం. గొంతులో కోపం లేదు.

"బిగించినప్పుడు నువ్వు చూశావు కదా బాబాయ్. వేరేగా ఉందని ఒక్క మాట అనలేకపోయావా?"

ఆయన కట్టుకట్టిన చేతిని చూసుకున్నాడు. "సూసాను. మూల తేలిందేటా అనుకున్నాను. కాయితం మీద నీ సంతకం ఉంది. పైడితల్లి ఎవర్నీ అడక్కుండా సంతకం ఎట్టదు, ఆ కడ్డీ కూడా మార్చుతారేమో, నాకెందుకని ఊరుకున్నాను."

గోడ మీద ఎర్రగా వెలిగిన పేరుకీ, కళ్లజోడు మాటకీ లొంగినందుకు ఆమె సిగ్గుపడింది. ఇరవై మెట్లు దిగి పోగేసుకున్న నమ్మకం ఇన్నేళ్లు ఆయన దగ్గర భద్రంగా ఉంది. దిగడం మానేసిన సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ సంతకం పెట్టిన మనిషి ఎవర్నీ అడగలేదన్న విషయం పూరణికి అక్కర్లేదు. ఆయనకి కావాలి. తన తప్పే, ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

మూడు నెలలకి నీలాచలం ఎడమచేత్తో పని నేర్చుకుని తిరిగి వచ్చాడు. ఆ రోజే పైడితల్లి గొలుసుచక్రం డ్రాయింగు పట్టుకుని మెట్లు దిగింది. పక్క దృశ్యం చేత్తో గీసింది. పెన్సిలు సున్నా ఇంకా చెరపలేదు. ముందురోజే పోతపోసేవాళ్ల దగ్గరా, పక్క తలుపు వాళ్ల దగ్గరా అడిగి మరీ గీసింది. పేరు గోడ మీద ఎర్రగా వెలుగుతూనే ఉంది, వెలగనిచ్చింది.

నీలాచలం కాగితాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు. మునుపయితే మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు సంతకం దగ్గర బొటనవేలు ఆనించి, తలెత్తి మెల్లగా అడిగాడు.

"ఇది ఎవర్నడిగి ఎట్టావమ్మా?"

పైడితల్లి అడిగినవాళ్ల పేర్లన్నీ వరసగా చెప్పింది. ఆయన తల ఊపుతూ చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.