ఐస్ ఫ్యాక్టరీ తలుపు గడియ

బస్టాపులో దిగి మా కాలనీకి నడిచే దారిలో, మలుపు దగ్గర, మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఒకటి ఉంది. చీకటి పడ్డాక దాని దగ్గర ఎవరూ ఆగరు. లోపలి నుంచి ఎవరో తలుపు కొడతారట — టక్... టక్... కాసేపు ఆగి మళ్ళీ టక్. మునిసిపాలిటీ వాళ్ళు కూడా దెయ్యం మనసు నొప్పించడం ఇష్టం లేక అక్కడ దీపం పెట్టలేదు. ఇళ్ళ బ్రోకరు మాత్రం "ప్రశాంతమైన ఏరియా అండీ" అంటాడు.

ఆ తలుపు దగ్గర ఏం జరిగిందో మా పెద్దమ్మ కూతురు చెప్పింది. తను చెప్పినట్టే చెబుతాను.

అక్క కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. రోజుకి పాతిక నోళ్ళకి నవ్వులు అమర్చి పంపుతుంది. తన నోరు మాత్రం ఒక్క మనిషి ముందు పెగలదు. ఆ మనిషి — మహారాణి. అది అసలు పేరు కాదు, వీధిలో వాళ్ళు పెట్టింది. ఒకటో తరగతి నుంచి అక్కకి ప్రాణస్నేహితురాలు. ప్రాణం అక్కది, తీసేది ఆవిడ.

స్కూల్లో గ్రూప్ ఫొటో ముందు రోజు అక్క జడని మహారాణి సగానికి కత్తిరించింది. ఊరికే, సరదాకి. తను పగలగొట్టిన కిటికీకి అక్కని దోషిగా నిలబెట్టింది. అదీ సరదాకే. తొమ్మిదేళ్ళప్పుడు "లోపల పిల్లి పిల్లలున్నాయి, చూసి రా" అని ఐస్ ఫ్యాక్టరీలోకి పంపి, బయట గడియ పెట్టి, ఇంటికెళ్ళి హాయిగా అన్నం తినేసింది.

రెండు గంటలు. లోపలి నుంచి తలుపు కొట్టింది అక్కే. అటుగా వెళ్తున్న పాలాయన ఆ చప్పుడు విని, సైకిలు అక్కడే పడేసి పరిగెత్తాడు. తలుపు తీసే ధైర్యం లేని మనిషికి కథ చెప్పే ధైర్యం మాత్రం బోలెడు. దెయ్యం అలా పుట్టింది. మహారాణి తీరిగ్గా వచ్చి గడియ తీసేసరికి అక్క గౌను తడిసిపోయి ఉంది. "తడిపాప" అని పేరు పెట్టింది. ఆ పేరు ఇరవై రెండేళ్ళు చెక్కు చెదరలేదు.

పోయినేడు ల్యాబు యజమాని పక్క ఊళ్ళో కొత్త బ్రాంచి తెరుస్తూ, "నువ్వు చూసుకుంటావామ్మా?" అని అక్కని అడిగాడు. అక్క ఆ మాట మొదట చెప్పింది ఎవరికి? ఇంకెవరికి!

"నువ్వా? ఐస్ ఫ్యాక్టరీ దాటడానికే నీకు వణుకు. ఆరుగురి మీద పెత్తనం చేస్తావా తడిపాపా?" అంది మహారాణి, ఎంతో ప్రేమగా. "నీ మంచికే చెబుతున్నా. వద్దని చెప్పెయ్."

అక్క సరే అంది. మర్నాడు పొద్దున్నే యజమానికి వద్దని చెప్పాలి.

ఆ రాత్రి ఎనిమిదింటికి బస్సు దిగింది. కరెంటు లేదు. మలుపు దగ్గరికి వచ్చింది...

టక్.

అక్క ఆగిపోయింది. ఈ ఊళ్ళో ఆ చప్పుడుకి భయపడని మనిషంటూ ఉంటే అది అక్కే అవ్వాలి — ఆ దెయ్యం తనే కదా! కానీ తనిప్పుడు రోడ్డు మీద ఉంది. మరి లోపల...?

టక్... టక్.

చేతిలో టిఫిన్ డబ్బా గలగలలాడింది. పరిగెత్తాలనుంది. కానీ... ఆ రోజు ఆ పాలాయన పరిగెత్తకుండా, ఒక్క అడుగు ఇటు వేసి ఉంటే?

అడుగు వేసింది. తలుపుకి చెవి ఆనించింది. లోపల... ఎవరో రొప్పుతున్నారు.

"ఎ... ఎవరు?"

రొప్పు ఆగింది. గుసగుసగా —

"తడిపాపా... నువ్వేనా?"

దెయ్యాలకి అంత చనువుండదు.

"లోపల ఏం చేస్తున్నావే?"

"నిన్ను భయపెట్టి వీడియో తీద్దామని వచ్చా... ఊరికే... సరదాకి. గడియ పడిపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. తియ్యవే, చచ్చిపోయేలా ఉన్నా!"

అక్క గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. ఎంతసేపు అలా నిలబడిందో తనకే తెలీదట. వెళ్ళిపోవచ్చు. ఇంటికెళ్ళి హాయిగా అన్నం తినొచ్చు. ఆ ఆలోచన తియ్యగా ఉందట — అంత తియ్యగా ఉన్నందుకే భయమేసి, ఓ రాయి తీసుకుని తుప్పుపట్టిన గడియని కొట్టి కొట్టి తెరిచింది.

మహారాణి బయటపడింది. జుట్టునిండా బూజు. అక్క చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సరిగ్గా రెండు నిమిషాలు. తర్వాత ముక్కు తుడుచుకుని ప్లాను చెప్పింది.

"చూడూ... ఎవరైనా అడిగితే లోపల ఇరుక్కుంది నువ్వేనని చెబుదాం. నీకైతే అలవాటే కదా."

"వద్దు," అంది అక్క.

ఆ మాట అక్క నోట వినడం మహారాణికి అదే మొదలు. సరిగ్గా వినబడలేదనుకుంది. "ఏంటి?"

"వద్దు. ఇంక మా ఇంటికి రావద్దు, నాకు ఫోన్ చెయ్యొద్దు. నేను కొత్త బ్రాంచికి వెళ్తున్నా."

"అబ్బో! సరదా కూడా అర్థం కాదా నీకు?"

"ఇరవై రెండేళ్ళుగా అర్థం చేసుకుంటూనే ఉన్నా. ఒక్కసారి కూడా నాకు నవ్వు రాలేదు."

వెనక్కి చూడకుండా ఇంటికెళ్ళింది. తెల్లార్లూ ఏడ్చిందట. కరిచే చెప్పులైనా అన్నేళ్ళు తొడిగాక విప్పితే నడక తడబడుతుందిగా. పొద్దున్నే యజమాని దగ్గరికెళ్ళి "వెళ్తానండీ" అని చెప్పేసింది.

మూడు నెలల తర్వాత కొత్త బ్రాంచి గుమ్మంలో ఓ అమ్మాయి నిలబడింది. మహారాణి చెల్లెలు.

"అక్కా, నాకేదైనా పని నేర్పిస్తావా? నువ్వెళ్ళిపోయాక మా అక్కకి తీరిక ఎక్కువైంది. ఇప్పుడు నా వంతు."

అక్క మనసు కరిగిపోయింది. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది.

అమ్మాయి గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఒకటి చెప్పనా? ఆ రోజు గడియ దానంతట అది పడలేదు. మా అక్క వెనకాలే వెళ్ళి నేనే పెట్టా. గోడ పక్కన కూర్చుని గంటసేపు విన్నా... అది కొడుతుంటే."

అని నవ్వింది.

ఆ నవ్వు... ఆ పెదవి ఓ పక్కకి వంగడం... అచ్చం మహారాణిదే.

ఐస్ ఫ్యాక్టరీ దగ్గర కూడా పుట్టని చలి అప్పుడు అక్క వెన్నులో పుట్టిందట.

"మరి పని ఇచ్చావా?" అని అడిగాను.

"ఇచ్చా. పాపం, మంచి పనిమంతురాలు," అంది అక్క. "స్టోర్ రూమ్‌లోకి మాత్రం... తను బయట ఉండగా నేను వెళ్ళను."